కెమెరా కబుర్లు: ఇంటి గదిలో స్టూడియో, పల్చటి బట్టలు, మీ ఉత్తరాలు

పోయిన నెల ఆర్గంజా చీరల్ని ఎలా ఫోటో తీయాలో ఇక్కడ నాలుగు ముక్కలు రాశాను, అంతే, ఉత్తరాలూ మెసేజులూ వచ్చి పడ్డాయి. సగం మంది అడిగింది చీరల గురించి కాదు. నైటీలు, నెట్ గౌన్లు, లేస్ లోదుస్తులు, వీటిని ఇంట్లోనే ఒక గదిలో మోడల్‌ని పెట్టి ఎలా తీయాలని. కొందరికి కావాల్సింది ఫోటోగ్రఫీ కాదని రెండో లైనుకే తెలిసిపోయింది, వాళ్ళవి పక్కన పడేశాను. మిగతా వాటిలో కొన్ని ఇవి.

ప్రశ్న: మేడ మీద 11 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు గది ఖాళీగా ఉంది. మా ఊళ్ళో ఒక షాపు వాళ్ళు నైట్‌వేర్, లోదుస్తుల కేటలాగ్ తీసిపెట్టమంటున్నారు. గది సరిపోతుందా? ఏ లెన్స్ వాడాలి? గోడలు లేత ఆకుపచ్చ రంగు. (ఒక పాఠకుడు, తెనాలి)

సరిపోతుంది, కాకపోతే లెక్క వేసుకుని దిగాలి. నిలబడ్డ మనిషి తల నుంచి కాలి దాకా, పైనా కిందా కాస్త జాగాతో రావాలంటే ఫ్రేములో రెండు మీటర్లు పట్టాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి, అంటే ఫోటో పడే పలక (సెన్సర్) పెద్దగా ఉన్నదానికి, 50 ఎం.ఎం. లెన్స్ అయితే మీరు మోడల్‌కి దాదాపు 9 అడుగుల దూరంలో నిలబడాలి. 85 అయితే 15 అడుగులు దాటిపోతుంది, మీ గదిలో అది కుదరదు. చిన్న సెన్సర్ కెమెరా అయితే 35 ఎం.ఎం.తో 10 అడుగులు. ఇప్పుడు మోడల్‌ని గోడకి 4 అడుగులు ముందుకి జరపాలి కదా, లేకపోతే నీడ గోడ మీద నల్లగా పడుతుంది. 4, 9 కలిపితే 13, ఇంక మీరు నిలబడేది ఎక్కడ? గోడలోనా?

అందుకే గదిని నిలువుగా కాకుండా మూల నుంచి మూలకి వాడండి. 11, 13 గదికి ఐమూల కొలత 17 అడుగులు వస్తుంది. ఒక మూలలో పేపర్ బ్యాక్‌డ్రాప్ కట్టి, ఎదురు మూలలో మీరు నిలబడితే ఊపిరి ఆడుతుంది. ఇరుకుగా ఉంది కదా అని 24 ఎం.ఎం. తగిలించి దగ్గరికి మాత్రం వెళ్ళకండి, కెమెరాకి దగ్గరున్నదల్లా ఉబ్బిపోతుంది. నైటీ కొనేవాళ్ళు చూసేది బట్ట ఎలా జారుతుందో, ఎక్కడ బిగుస్తుందో. ఆ కొలతలే తప్పుగా కనిపిస్తే కేటలాగ్ ఎందుకు? కెమెరాని నడుము ఎత్తులో పెట్టండి. చాలామంది కంటి ఎత్తు నుంచి తీసి కాళ్ళు పొట్టిగా వచ్చాయని మోడల్ మీదకి నెట్టేస్తారు.

ఆకుపచ్చ గోడ సంగతి చిన్నది కాదు. ఫ్లాష్ వెలుగు గోడకి కొట్టి మోడల్ చర్మం మీదికి ఆకుపచ్చగా తిరిగొస్తుంది. మామూలు డ్రస్సు ఫోటోలో అంతగా తెలియదు గానీ, భుజాలూ నడుమూ కాళ్ళూ కనిపించే ఫోటోలో ఒంటికి ఒక పక్క కామెర్లు వచ్చినట్టు ఉంటుంది. ఎడిటింగ్‌లో సరిచేద్దామంటే ఇంకో పక్క గులాబీ రంగైపోతుంది. తెల్ల సున్నం వేయించండి, లేదా రెండు వైపులా తెల్ల దుప్పట్లు వేలాడదీయండి. సీలింగ్ తెలుపే అయ్యుంటుంది, దాన్ని అలాగే ఉంచండి.

లైట్లు రెండు చాలు. 200 వాట్-సెకన్ల ఫ్లాష్ ఒకటి పెద్ద సాఫ్ట్‌బాక్సుతో (వెలుగుని మెత్తగా పరిచే గుడ్డ పెట్టె), రెండోది వెనక పక్క నుంచి చిన్నది. మూడో లైటు బదులు వెలుగుని తిప్పికొట్టడానికి తెల్ల థర్మాకోల్ షీట్లు. ఇద్దరు మనుషులు పట్టే గదిలో మూడు స్టాండ్లు పెడితే వైరు కాలికి తగిలి ఎవరో ఒకరు పడతారు, ఒకసారి నేనే పడ్డాను.

ప్రశ్న: పల్చటి బట్ట ఒక్కోసారి గోనెసంచిలా మందంగా వస్తుంది, ఒక్కోసారి లోపలిదంతా కనిపించేస్తుంది. అదే బట్ట, అదే గది. ఏమిటి రహస్యం? (గుంటూరు నుంచి ఒక సోదరి, ఆవిడ ఆన్‌లైన్‌లో బట్టలు అమ్ముతారట)

రహస్యం మీ వీధి కిటికీలోనే ఉందమ్మా. పగలు కిటికీకి పల్చటి పరదా వేస్తే లోపల నుంచి మీకు వీధి కనిపిస్తుంది, వీధిలో వాళ్ళకి మీరు కనపడరు. రాత్రి లైటు వేశారా, తిరగబడుతుంది, వాళ్ళకి మీరు కనిపిస్తారు, మీకు వాళ్ళు కనపడరు. బట్ట మారలేదు, మనిషి మారలేదు, వెలుగు ఏ పక్క ఎక్కువ ఉందో అది మారింది. పల్చటి బట్టల ఫోటోగ్రఫీ అంతా ఈ ఒక్క పరదాయే.

బట్టకి వెనక వెలుగు ఎక్కువైతే బట్ట మాయమై లోపలి ఆకారం గీత గీసినట్టు వస్తుంది. పొడవాటి గౌను వేసుకున్న అమ్మాయిని కిటికీ ముందు నిలబెట్టగానే కాళ్ళు రెండూ నల్లగా కనిపించేది అందుకే. ముందు నుంచి వెలుగు ఎక్కువైతే బట్ట మీది దారాలు తెల్లగా మెరిసి తెరలా అడ్డుపడతాయి, అప్పుడు మీ గోనెసంచి. పక్క నుంచి ఏటవాలుగా వేస్తే నేత కనిపిస్తుంది, ముడత కనిపిస్తుంది, పల్చదనం ఉందని తెలుస్తుంది గానీ ఏమీ బయటపడదు. ఉప్పాడ జాందానీ తీసినా, వెంకటగిరి తీసినా, నెట్ నైటీ తీసినా నేను మొదలుపెట్టేది ఈ పక్క వెలుగుతోనే. అక్కడి నుంచి వెనక లైటు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతాను, ఎక్కడ ఆగాలో మోడల్ చెబుతుంది. అవును, నేను కాదు, మోడలే. దీని మాట కింద మళ్ళీ వస్తుంది.

ఇంకొకటి, బట్ట రంగు. తెల్ల నెట్ కంటే నల్ల నెట్‌లోంచి ఎక్కువ కనిపిస్తుంది, చాలామంది దీన్ని ఉల్టా అనుకుంటారు. తెల్ల దోమతెర లోపల పడుకున్న మనిషి బయటికి సరిగ్గా కనపడడు, కిటికీకి కొట్టిన నల్ల జాలీలోంచి మాత్రం ఎదురింటి వాళ్ళ ముగ్గు కూడా కనిపిస్తుంది. తెల్ల దారం వెలుగుని వెనక్కి కొడుతుంది, నల్ల దారం మింగేస్తుంది, మధ్య కన్నాల్లోంచి వచ్చిన చర్మం వెలుగే మనకి మిగులుతుంది. కాబట్టి "నలుపు కదా, కప్పేస్తుందిలే" అని మోడల్‌కి భరోసా ఇవ్వకండి. ముందు ఒక టెస్ట్ ఫోటో, అదీ ఫ్లాష్‌తో, తీసి ఆవిడకే చూపించండి. గది లైటులో అద్దంలో చూసుకున్నప్పుడు కనపడనిది ఫ్లాష్‌లో కనిపిస్తుంది. ఈ టెస్ట్ ఎగ్గొట్టి తర్వాత గొడవపడ్డ వాళ్ళు నాకు తెలుసు.

లోపల వేసే దాని గురించి కూడా. తెల్ల పల్చటి బట్ట కింద తెల్ల లోదుస్తులు వేస్తే తెల్లగా అచ్చు కొట్టినట్టు కనిపిస్తాయి, ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నవి వేస్తే కలిసిపోతాయి. ఒంటి రంగు అంటే ఆ మోడల్ ఒంటి రంగు. ప్యాకెట్ మీద "స్కిన్ కలర్" అని రాసి అమ్మే ఆ లేత గులాబీ రంగు మన చామనఛాయ మీద తెల్ల బట్ట వేసినంత పని చేస్తుంది.

ప్రశ్న: నెట్ గౌను ఫోటోల్లో ఇంద్రధనుస్సు లాంటి చారలు వస్తున్నాయి. కెమెరా పాడైందా? (నిజామాబాద్)

పాడవలేదు. దాన్ని మోయిర్ అంటారు. నెట్ కన్నాల వరస, సెన్సర్ మీది చుక్కల వరస ఒకదాని మీద ఒకటి పడి లేని గీతల్ని పుట్టిస్తాయి. అర అడుగు ముందుకో వెనక్కో జరగండి, లేదా మోడల్‌ని కాస్త పక్కకి తిరగమనండి, చాలాసార్లు అంతటితో పోతుంది. పోకపోతే లెన్స్ కన్నాన్ని ఎఫ్ 16 దాకా చిన్నది చెయ్యండి, ఫోటో షార్ప్‌నెస్ పిసరంత తగ్గి చారలు కరిగిపోతాయి. కెమెరా వెనక చిన్న స్క్రీన్ మీద చూసి కంగారుపడకండి, ఫోటోని కుదించి చూపేటప్పుడు ఆ స్క్రీనే ఒక్కోసారి లేని చారల్ని చూపిస్తుంది. కంప్యూటర్‌లో వంద శాతానికి పెద్దది చేసి చూసుకోండి.

ప్రశ్న: సార్, నాకు 22 ఏళ్ళు. చిన్న చిన్న బట్టల షాపులకి మోడలింగ్ చేస్తున్నాను. ఒక ఫోటోగ్రాఫర్ ఇన్‌స్టాలో పరిచయమై లోదుస్తుల బ్రాండ్ షూట్ ఉంది, మా ఇంట్లోనే స్టూడియో, రమ్మంటున్నాడు. డబ్బు బాగానే ఇస్తానన్నాడు. వెళ్ళొచ్చా? ఇంట్లో అడగలేను. (పేరు వద్దన్నారు, హైదరాబాద్)

అమ్మా, నీ ఉత్తరం చూశాకే ఈసారి పేజీ మొత్తం ఈ విషయానికి ఇచ్చాను. లోదుస్తులకి మోడలింగ్ చేయడం తప్పు పనీ కాదు, సిగ్గుపడాల్సిన పనీ కాదు. ఇంట్లో స్టూడియో ఉండటం కూడా తప్పు కాదు, నాది ఇరవై ఏళ్ళుగా ఇంటి మేడ మీదే ఉంది. చూడాల్సింది మనిషిని.

మొదట ఆ బ్రాండ్ పేరేమిటో అడుగు. పేరు చెప్పాక బ్రాండ్ వాళ్ళకే ఫోన్ చేసి ఫలానా ఆయన మీకు షూట్ చేస్తున్నారా అని కనుక్కో. పేరు ఇప్పుడే చెప్పకూడదు, సీక్రెట్ అన్నాడంటే అక్కడితో ఆపెయ్. అతని దగ్గర ఇంతకుముందు పనిచేసిన ఇద్దరు అమ్మాయిల నంబర్లు ఇమ్మను. నిజంగా పని చేసేవాడు సంతోషంగా ఇస్తాడు, వాళ్ళని అడిగి ఇస్తాడు. ఏ బట్టలు, ఎన్ని, ఎంత పల్చటివి, ఎలాంటి పోజులు, ఫోటోలు ఎక్కడ వాడతారు, ఇవన్నీ మాటల్లో కాదు, మెసేజ్‌లో రాయించుకో. వీడియో కాల్‌లో గది చూపించమను, బట్టలు మార్చుకునే చోటు చూపించమను.

వెంట ఎవరినో ఒకరిని తీసుకెళ్ళు, అక్కో స్నేహితురాలో ఎవరైనా సరే. "తోడుంటే నువ్వు ఫ్రీగా ఉండలేవు, ఎక్స్‌ప్రెషన్ రాదు" అని ఒక పాత పాట ఉంది ఈ ఫీల్డ్‌లో. ఆ పాట మొదలెట్టాడంటే తలుపు దాకా కూడా వెళ్ళకు. అలాగే "సెలెక్షన్ కోసం" లోదుస్తుల్లో సెల్ఫీలు పంపమంటే పంపకు, ఏ బ్రాండూ అలా ఎంపిక చెయ్యదు, మామూలు బట్టల్లో నాలుగు ఫోటోలూ కొలతలూ చాలు. పోర్ట్‌ఫోలియో, రిజిస్ట్రేషన్ అంటూ ముందు నీ దగ్గరే వేలు అడిగేవాళ్ళని కూడా నమ్మకు, పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు గానీ తీసుకోడు.

వెళ్ళాక కూడా, మధ్యలో ఏ నిమిషమైనా "ఇది చెయ్యను" అనొచ్చు. పొద్దున ఒప్పుకున్నావు కదా అని అతను అంటే, పొద్దున ఒప్పుకున్నది పొద్దునకే. ఒంటి మీద చెయ్యి వేసి పోజు సరిచేసే హక్కు ఏ ఫోటోగ్రాఫర్‌కీ లేదు. పట్టీ సర్దాలన్నా నోటితో చెప్పాలి, లేదా అక్కడున్న ఆడమనిషి సర్దాలి.

ఒక చట్టం మాట కూడా గుర్తుపెట్టుకో. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి ఏకాంత ఫోటో తీసుకోవడానికి ఆడమనిషి ఒప్పుకున్నా, దాన్ని ఇంకొకరికి పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. తీయనిచ్చావు కాబట్టి నోరు మూసుకోవాలి అన్న బెదిరింపుకి చట్టంలో చోటు లేదు. ఎవరైనా బెదిరిస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్, హైదరాబాద్‌లో షీ టీమ్స్ ఉన్నాయి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళ ఫిర్యాదులకి వేరే విభాగం ఉంది. స్టాప్ ఎన్‌సిఐఐ అని ఒక ఉచిత సర్వీసు కూడా ఉంది, నీ ఫోటో నీ ఫోన్ దాటి పోకుండానే దాని డిజిటల్ వేలిముద్ర మాత్రం తీసి, దాంతో చేరిన సోషల్ మీడియా కంపెనీలకి పంపుతుంది, ఆ ఫోటో అక్కడ ఎక్కితే పట్టుకుంటారు.

ఇంట్లో అడగలేనన్నావు. అమ్మానాన్నలకి చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం, కానీ ఆ రోజు నువ్వు ఎక్కడున్నావో ఒక్క మనిషికైనా తెలియాలి. ఫోన్‌లో లైవ్ లొకేషన్ పెట్టి వెళ్ళు.

ప్రశ్న: ఇవి తీయడం అసలు చట్టప్రకారం సరైనదేనా? మా వకీలు మిత్రుడు ఒకడు భయపెట్టేశాడు. (కాకినాడ)

వకీలు మిత్రులు భయపెట్టడానికే ఉన్నారు. పద్దెనిమిది దాటిన మనిషి ఇష్టపూర్వకంగా లోదుస్తుల కేటలాగ్‌కి నిలబడటం నేరం కాదు, లేకపోతే బస్టాండు పక్క హోర్డింగులన్నీ జైల్లో ఉండాలి. అసభ్యత ఉంటేనే సమస్య. ముద్రించి అమ్మితే న్యాయ సంహిత 294, ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం 67 వస్తాయి. ఈ 67 కింద మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ఆడవాళ్ళని కించపరిచే చిత్రణ మీద 1986లో వచ్చిన చట్టం విడిగా ఉంది.

మరి ఏది అసభ్యం? టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, అతని కాబోయే భార్య కలిసి నగ్నంగా దిగిన ఫోటో ఒక జర్మన్ పత్రికలో వస్తే, దాన్ని మన దేశంలో కలకత్తా పత్రిక మళ్ళీ వేసింది. కేసు ఏళ్ళ తరబడి నడిచి 2014లో సుప్రీంకోర్టులో తేలింది. ఒంటి మీద బట్ట లేనంత మాత్రాన అసభ్యం అనలేమనీ, ఫోటోని దాని సందర్భంతో కలిపి, ఇప్పటి సమాజం కళ్ళతో చూడాలనీ కోర్టు చెప్పింది. అతను తెల్లవాడు, ఆవిడది నల్లని ఒంటి రంగు, ఆ ఫోటో జాతి వివక్షకి వ్యతిరేకంగా ఉందని కూడా కోర్టు చూసింది. ఊరట ఇచ్చే తీర్పే, కానీ అక్కడికి చేరేలోపు ఎన్నేళ్ళు పట్టిందో కూడా చూడండి. 1995లో ఒక బూట్ల ప్రకటనకి మిలింద్ సోమన్, మధు సప్రే దిగిన ఫోటో మీద కేసు 2009 దాకా సాగి చివరికి కొట్టేశారు. గెలిచినా పద్నాలుగేళ్ళు.

వయసు విషయంలో మాత్రం బేరాల్లేవు. 18 నిండని వాళ్ళతో ఇలాంటి షూట్ వద్దే వద్దు, అమ్మానాన్నలు సంతకం పెట్టినా వద్దు, "వచ్చే నెలకి నిండుతాయి" అన్నా వద్దు. పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు కార్డు మీ కళ్ళతో చూడండి, చూశానని ఒప్పందం కాగితంలో రాసుకోండి.

ఇన్‌స్టాలో రీచ్ రావట్లేదని మరో నలుగురు రాశారు. లోపలిది కనిపించే బట్టల ఫోటోల్ని తెలియనివాళ్ళకి సిఫార్సు చెయ్యబోమని ఇన్‌స్టా నియమాల్లోనే ఉంది. ఫోటో తీసెయ్యరు, చూపించరు, అంతే.

ప్రశ్న: ఎలాస్టిక్ అచ్చులు చర్మం మీద ఎర్రగా పడుతున్నాయి. ఎడిటింగ్‌లో గంటలు పోతున్నాయి. (వరంగల్)

షూట్‌కి వచ్చే ముందు కనీసం గంట సేపు వదులు నైటీలోనో వదులు పైజమాలోనో ఉండమని ముందు రోజే చెప్పండి. జీన్స్ వేసుకుని ఆటోలో వచ్చి అరగంటలో మార్చుకుంటే నడుము చుట్టూ గీత ఉండకుండా ఎలా ఉంటుంది? మేజోళ్ళ అచ్చు కూడా అంతే. ఏసీ 25 దగ్గర పెట్టండి, మీకు చెమట పడుతోందని 18 చేస్తే ఆవిడకి ఒళ్ళు గగుర్పొడుస్తుంది, అదీ ఫోటోలో వస్తుంది. మీరు నిండా బట్టలు వేసుకున్నారు, ఆవిడ వేసుకోలేదు, ఈ ఒక్కటి గుర్తుంటే చాలు. ప్రతి సెట్‌కీ మధ్య కప్పుకోవడానికి ఒక గౌనో శాలువానో చేతికి అందేలా ఉంచండి.

ఎడిటింగ్ గురించి అడిగారు కాబట్టి, బట్ట మీది దారపు పోగులు తుడవండి, బొడ్డు దగ్గర చారలు వదిలేయండి. నడుము సన్నం చెయ్యకండి, బట్ట కొలత మారిపోతుంది, కొన్నవాళ్ళు తిరిగి పంపేస్తారు, షాపు వాళ్ళు మళ్ళీ పిలవరు. చర్మం తెల్లగా చెయ్యమని షాపు వాళ్ళు అడుగుతారు. నేను చెయ్యను. నల్లటి అమ్మాయి మీద తెల్ల లేస్ ఎంత బాగుంటుందో చూపించి ఒప్పిస్తాను, తెలుపు మాడిపోకుండా ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుగు) అరస్టాప్ తగ్గించి, నీడ పక్క థర్మాకోల్ దగ్గరికి జరిపితే రెండూ నిలుస్తాయి.

ప్రశ్న: మా వారు ఇంట్లో ఇలాంటి షూట్లు మొదలుపెడతానంటున్నారు. నాకు నమ్మకం ఉంది కానీ కింద పోర్షన్‌లో మా అత్తగారు, ఎదురింటి వాళ్ళు... ఏం చెప్పాలో తెలియట్లేదు. (ఒక గృహిణి, రాజమండ్రి)

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా అమ్మకి ఏం చెప్పాలా అని నేనూ మా ఆవిడా వారం ఆలోచించాం, చివరికి మా ఆవిడే తిన్నగా వెళ్ళి "అత్తయ్యా, లోపల బట్టల కంపెనీ వాళ్ళకి ఫోటోలు తీస్తారు, నేనూ అక్కడే ఉంటాను" అని చెప్పేసింది. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు షూట్‌కి వచ్చిన అమ్మాయి పొద్దుట్నుంచి ఏమీ తినలేదని తెలిసి ఉప్మా పంపింది. తర్వాత ఏ మోడల్ వచ్చినా ముందు టిఫిను సంగతే.

మీరు ఆ గదిలో ఉండండి. కాపలాకి కాదు, పనికి. ఇస్త్రీ, స్టీమింగ్, వెనక క్లిప్పులు పెట్టడం, పట్టీ సర్దడం, ఇవన్నీ ఒక ఆడమనిషి చేస్తే వచ్చిన అమ్మాయి భుజాలు కిందికి దిగుతాయి. భుజాలు చెవుల దగ్గరుంటే ఎంత లైటు పెట్టినా ఆ ఫోటో రాదు. మీ పనికి జీతం కూడా లెక్కలో రాయించుకోండి, ఊరికే చెయ్యకండి. ఎదురింటి వాళ్ళ సంగతి, మందపాటి పరదా ఒకటి కుట్టించండి, ఫ్లాష్ మెరుపులు బయటికి కనిపిస్తేనే వాళ్ళకి ఆసక్తి. అద్దె ఇల్లైతే ఓనరుకి వ్యాపారం అని ముందే చెప్పడం మంచిది.

ప్రశ్న: షూట్ అయిన ఆరు నెలలకి మోడల్ ఫోటోలన్నీ డిలీట్ చెయ్యమంటోంది. ఫోటోలు నావి కదా? (తిరుపతి)

ఎవరు డబ్బిచ్చారు? షాపు వాళ్ళు డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం హక్కు వాళ్ళదే, మీది కాదు. ఎవరూ డబ్బు ఇవ్వకుండా ఇద్దరూ పోర్ట్‌ఫోలియో కోసం తీసుకున్నవైతే హక్కు మీదే. కానీ తమ్ముడూ, ఫోటో మీద హక్కు వేరు, ఆ అమ్మాయి ఒంటిని నలుగురికీ చూపించే అనుమతి వేరు. అనుమతి కాగితంలో ఎక్కడెక్కడ, ఎన్నాళ్ళు అని రాసుకున్నారా? రాసుకోకపోతే డిలీట్ చేసెయ్. ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరిందేమో, ఉద్యోగం వచ్చిందేమో, ఊరికే మనసు మారిందేమో. నీకు పోయేది పది ఫోటోలు. డబ్బు తీసుకుని షాపుకి చేసిన పనైతే ఆవిడా షాపూ మాట్లాడుకోవాలి, నువ్వు నీ పేజీలోంచి తీసెయ్.

ప్రశ్న: ఈ ఫోటోల్ని ఎలా దాచుకోవాలి? క్లౌడ్ మంచిదా? (విశాఖపట్నం)

నా పరువు పోయిన కథ చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక నైట్‌వేర్ షూట్‌లో, షాపు వాళ్ళకి శాంపిల్ పంపుదామని కెమెరా నుంచి రెండు ఫోటోలు ఫోన్‌లోకి దించాను. ఫోన్‌లో ఆటో బ్యాకప్ ఆన్‌లో ఉంది. హాల్లో టీవీ కూడా అదే అకౌంట్‌లో ఉంది, ఖాళీగా ఉంటే ఫ్యామిలీ ఫోటోలు ఒక్కొక్కటిగా తిప్పుతుంది. ఆదివారం మా పెద్దనాన్నగారు వచ్చి కాఫీ తాగుతున్నారు. టీవీలో మా అమ్మాయి బారసాల ఫోటో, తర్వాత శ్రీశైలం, తర్వాత నల్ల లేస్ గౌను. పెద్దనాన్న కప్పు సాసర్‌లో పెట్టి, "ఇదెవరి పెళ్ళిదిరా?" అన్నారు. ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ అమ్మాయికి నేను ఫోన్ చేసి జరిగింది చెప్పి క్షమాపణ అడగాల్సి వచ్చింది, అది మాత్రం నవ్వులాట కాదు.

అప్పట్నుంచి ఇలాంటి షూట్‌ల మెమరీ కార్డు నా ఫోన్‌ని చూడదు. పాస్‌వర్డ్‌తో లాక్ చేసిన హార్డ్‌డిస్కులు రెండు, ఒకటి స్టూడియోలో, ఒకటి బీరువాలో. ల్యాప్‌టాప్ రిపేరుకి ఇచ్చే ముందు డిస్క్ తీసేస్తాను. హాంకాంగ్‌లో ఒక సినిమా నటుడు ల్యాప్‌టాప్ రిపేరుకి ఇస్తే అందులోని ఫోటోలు 2008లో ఇంటర్నెట్ అంతా తిరిగాయి, ఎక్కువ నష్టపోయింది ఫోటోల్లో ఉన్న ఆడవాళ్ళు. ఉచితంగా చర్మం నున్నగా చేసిపెట్టే వెబ్‌సైట్లకి కూడా ఈ ఫోటోలు ఎక్కించకండి, అటు వెళ్ళినవి ఏమవుతాయో మీ చేతిలో ఉండదు.

ప్రశ్న: నా దగ్గర కెమెరా, 50 ఎం.ఎం. లెన్స్ ఉన్నాయి. కొద్దిపాటి డబ్బుతో మొదట ఏం కొనాలి? (ఒంగోలు)

ఒక ఫ్లాష్, ఒక పెద్ద సాఫ్ట్‌బాక్స్, నాలుగు థర్మాకోల్ షీట్లు, బట్టల స్టీమర్. స్టీమర్ తప్పనిసరి, షిఫాన్ మీద ఇస్త్రీ పెట్టె పెడితే ఒకటి కాల్తుంది, ఆ డబ్బు మీ ఫీజులోంచే పోతుంది. నిలువుటద్దం ఒకటి, మోడల్ తనని తాను చూసుకోవడానికి. ఇవన్నీ కొనకముందు ఇంటి దగ్గర వడ్రంగిని పిలిచి, బట్టలు మార్చుకునే గది తలుపుకి లోపలి వైపు గడియ వేయించండి. పాత తలుపైతే కంతలు కూడా పూడ్పించండి.